యాభై మూడో నంబరు పాలు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. తొంభైల ఆఖరి మూడేళ్ళలో మా ఊరి పాల కేంద్రం రిజిస్టరులోంచి పోయినవి: బర్రెలు నూట ముప్పై ఒకటి. దూడలు ఈ లెక్కలో లేవు, వాటికి నంబరు ఉండదు. చెరువు కింద పచ్చగడ్డి పెరిగే మళ్ళు, అన్నీ. పొద్దుటి పూట పాలు, నాలుగు వందల లీటర్ల నుంచి యాభై అయిదుకు. నలభై లీటర్ల క్యాన్లు, పదిలో ఎనిమిది. సభ్యులు, డెబ్భై ఆరుగురిలో అరవై ఒక్కరు. ఈ అరవై ఒక్కరిలో చచ్చిపోవడం వల్ల పేరు కొట్టేసినవాళ్ళు నలుగురే. తక్కిన యాభై ఏడుగురు బతికుండగానే రిజిస్టరులోంచి పోయారు. ఆ యాభై ఏడుగురిలో ఒకాయన గురించి ఇది రాస్తున్నాను.

మా ఊరు ఖాజాగూడ రాళ్ళకు అవతల, శేరిలింగంపల్లి మండలంలో ఉండేది. ఉండేది అంటున్నాను కానీ ఇప్పుడూ అక్కడే ఉంది, మీరు చూసినా గుర్తుపట్టరు. మెడలో కార్డు వేసుకుని అద్దాల మేడల్లోకి వెళ్ళే మీలో కొందరు బండి ఆపుకునే చోట మా గడ్డివాములు ఉండేవి. నేను అక్కడి పాల కేంద్రంలో టెస్టర్‌ను. ఏడో తరగతితో బడి మానేశాను. శాతాలు నాకు బడిలో రాలేదు. డెయిరీవాళ్ళు గోడకు అంటించిన రేటు చార్టు చూసి నేర్చుకున్నాను. సగటు, హెచ్చుతగ్గులు, గీత గీసి రేపటి సంగతి అంచనా కట్టడం, అన్నీ ఆ గోడ దగ్గర నిలబడి నాకు నేనే నేర్చుకున్నవి. అందుకే వాటి మీద నమ్మకం ఎక్కువ. ఎవరైనా నేర్పి ఉంటే, అవి ఎక్కడ పనికిరావో కూడా చెప్పి ఉండేవారేమో.

పని ఇంతే. సభ్యుడు పాలు తెస్తాడు. చిన్న సీసాలో నమూనా తీసుకుని, యాసిడ్ కలిపి, మిషనులో పెట్టి తిప్పితే గాజు గొట్టంలో వెన్న పైకి తేలుతుంది. అది ఎన్ని గీతలు తేలితే పాలకు అంత ఫ్యాట్. పొద్దుటి పాలకు వచ్చిన ఫలితాన్ని మరునాడు పొద్దున ఆరున్నరకు అందరి ముందూ చదివేవాణ్ణి. పేర్లు ఉండవు, నంబర్లే. "పన్నెండు, ఆరు పాయింట్ ఎనిమిది." "ఆఁ!" "ఇరవై తొమ్మిది, అయిదు పాయింట్ తొమ్మిది." "నీళ్ళ బోరు వేసినవా ఏందే బర్రెకు?" అని పక్కనుంచి ఎవరో అనేవారు. పాలు పోసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ ఎవరూ వెళ్ళేవారు కాదు, ముఖ్యంగా ముసలివాళ్ళు. తమ నంబరు పిలిచేదాకా, తరువాత పక్కవాడి నంబరు వినేదాకా అరుగు మీద కూర్చునేవారు. మా ఊళ్ళో మనిషి పరువు ఎంతో ఆరున్నరకు తెలిసిపోయేది.

యాభై మూడో నంబరు ఆయనకు అప్పటికి డెబ్భై దాటాయి. ఏడు పాయింట్ రెండు, ఏడు పాయింట్ నాలుగు. ఆయన పాలు ఏడుకు తగ్గిన రోజు ఊళ్ళో వార్త. పత్తి గింజలు నానబెట్టి రుబ్బి పెట్టేవాడు. నేను "యాభై మూడు" అనగానే "ఆఁ" అనకుండా "చదువు" అనేవాడు. చదివాక అరుగు మీది వాళ్ళందరినీ ఒకసారి కలయజూసి, తలపాగా సర్దుకుని లేచేవాడు.

అద్దాల మేడ లేస్తున్న ఏడాది, దాని చుట్టుపక్కల భూములకు ధర వచ్చింది. ఆయన కొడుకు చెరువు కింది పొలం అమ్మి, ఇంటి ముందు మూడంతస్తులు కట్టి, గదులు కంప్యూటర్ కోర్సుల పిల్లలకు కిరాయికి ఇచ్చాడు. చెడ్డవాడు కాదు. తండ్రికి కొత్త మంచం, కింది గదిలో ఫ్యాను, పక్కనే స్నానాల గది. కిరాయిదార్లు పేడ వాసన అన్నారని బర్రెలను ఒక్కొక్కటిగా అమ్మాడు. చివరిది ఒకటి మిగిలిందని మాకు తెలుసు. అదీ అమ్మాడని నాకు తెలియదు.

తరువాత ఆయన నంబరు మారింది. ఆరు పాయింట్ సున్న. ఒక్క బర్రె, పచ్చి గడ్డి లేదు, తగ్గుతుందిలే అనుకున్నాను. మరునాడు ఆరు. ఆ మరునాడు ఆరు. వరసగా పద్నాలుగు రోజులు, ఆరు పాయింట్ సున్న.

బర్రె మిషను కాదు. వాన పడితే తగ్గుతుంది, దాణాలో వేసే గానుగ చెక్క మారితే పెరుగుతుంది, దూడ ఎక్కువ తాగినా మారుతుంది. ఆరేళ్ళ రిజిస్టర్లలో ఒకే అంకె వరసగా మూడు రోజులు వచ్చిన బర్రె నాకు కనబడలేదు. పద్నాలుగు రోజులూ ఆరు సున్నా ఇచ్చేది ఒక్కటే ఉంది, మదీనాగూడ దుకాణంలో దొరికే చిక్కటి పాల ప్యాకెట్. దాని మీద అచ్చు వేసి ఉంటుంది, ఆరు శాతం అని. ఆయన పాలకు నురుగు కూడా సరిగా ఉండడం లేదు. గోరువెచ్చగా కాచి, పై నుంచి పోసి నురుగు తెప్పిస్తున్నాడని తరువాత తెలిసింది.

మోసం పట్టుకున్నానని నాకు సంబరం. ఇక్కడ ఒక చిన్న లెక్క వేశాను, వేసి పక్కన పెట్టేశాను. ప్యాకెట్ ధర, మేం ఇచ్చే ధర పోల్చి చూస్తే లీటరుకు ఆయనకే నష్టం. తనకే నష్టమొచ్చే మోసం ఎవడైనా ఎందుకు చేస్తాడు? ఈ ప్రశ్న దగ్గర ఆగి ఉంటే మీకు ఇది రాయవలసిన అవసరం ఉండేది కాదు. నేను ఆగలేదు. బర్రె లేనివాడు సభ్యుడు కాడు అని నిబంధన. ఆ పొద్దున అందరి ముందూ బయటపెట్టాను.

"యాభై మూడు."

"చదువు."

"చదవను తాతా. ఇవి బర్రె పాలు కావు, ప్యాకిట్ పాలు."

 అరుగు మీంచి ఇరవై తొమ్మిదో నంబరాయన అందుకున్నాడు. తన పాలను జీవితమంతా నీళ్ళపాలని ఎగతాళి చేయించుకున్న మనిషి ఆయన.

"తాత బర్రె పలాస్టిక్ గడ్డి మేస్తున్నదిరో!"

"పొదుగుకు కత్తెర వెడితేనే పాలు వడ్తయా తాతా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముసలాయన నన్ను మాత్రమే చూశాడు.

"నష్టం నాది గదా కొడుకా. నీకేం పోయింది?"

"లెక్క పోయింది తాతా" అన్నాను. ఎర్ర సిరాతో యాభై మూడు కొట్టేశాను. గీత కూడా తిన్నగా, స్కేలు పెట్టి.

అందరూ వెళ్ళాక మా సెక్రెటరీ క్యాన్ల మూతలు బిగిస్తూ అన్నాడు. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, సంతకం తప్ప రాత రాదు.

"నీ లెక్క కరెక్టేనయ్యా. మనిషే జర తప్పైండు."

"అంటే?"

"బర్రెను అమ్మింది నాకు తెలుసు. మొదటిరోజే తెలుసు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏం జేస్తవో అది ఇయ్యాల చేసినవు గదా."

పన్నెండు రోజుల తరువాత యాభై మూడో నంబరాయన భార్య కేంద్రానికి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవారగా నిలబడింది.

"మాట్లాడ్తలేడు బిడ్డా. రెండు ముద్దలు తిని చెయ్యి కడుగుతడు. మూడింటికే లేచి మంచంల కూసుంటడు. ఏందయ్యా అంటే ఏం లేదంటడు. నడుము గుంజుతున్నదంటడు. నడుముకు మాత్రలు తెస్తే అవీ మింగడు. ఆయన నంబరు జర మళ్ల రాయి."

"బర్రె లేనిదే రాయరాదమ్మా."

"రాయకున్నా సరే. పొద్దుగాల ఒకసారి పిలువు, గంతే."

పిలిస్తే రిజిస్టరులో లేని నంబరు పిలిచినట్టు అవుతుందని చెప్పాను. నిజంగానే అలా చెప్పాను. ఇది నా రెండో తప్పు. మొదటిదానికైనా సంబరంలో ఉన్నానని సాకు ఉంది.

ఆ వారమే ఆయన కొడుకు ఎదురుపడ్డాడు. "నాయినకు ఏం తక్కువైంది జెప్పు? పైసలున్నయ్, బువ్వున్నది, కూసున్నకాడికి టీ వస్తది. ముసలితనం అన్నా, గిట్లనే ఉంటది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి." ఆ మాటల్లో తండ్రి మీద నిర్లక్ష్యం లేదు, భయం ఉంది. మాట ముగించి కూడా కదలలేదు. ఆఖరికి, "నిన్న, 'నేను ఇంకెందుకురా' అన్నడు. గంతే అన్నడు" అన్నాడు.

మరునాడు ముసలాయన్ను, నడుము చూపిద్దామని చెప్పి, నా మోపెడ్ మీద మండల దవాఖానకు తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ కోస్తా వైపు నుంచి వచ్చినావిడ, ఏ వయసువాళ్ళనైనా అండీ అనేది. నడుము చూసింది, బీపీ చూసింది. తరువాత కుర్చీ దగ్గరగా లాక్కుంది.

"నిద్ర పడుతోందాండీ?"

"పడ్తది. మల్ల లేస్త."

"అన్నం సయిస్తోందా? ఇష్టమైన పనేదైనా చెయ్యాలనిపిస్తోందా?"

"ఇష్టమైన పనా?" ఆ మాట కొత్తగా విన్నట్టు చూశాడు. "లేస్తనే, ఇగ ఈ దినం ఎట్ల ఒడుస్తదో అని గుండెల గుబులైతదమ్మా. పొద్దుమూకేదాంక గదే."

"చనిపోతే బాగుండుననిపిస్తోందాండీ?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది, అలాంటి మాట అడగవచ్చా అని. ఆయన మాత్రం ఎవరో ఇన్నాళ్ళకు సరైన తలుపు తట్టినట్టు తల ఎత్తాడు.

"అనిపిస్తది. నా చేతుల నేను చేసుకోను. దేవుడు ఇంక మరిచిపోయిండేమో అనిపిస్తది."

ఆవిడ ఆయన్ను బయట కూర్చోబెట్టి నాతో మాట్లాడింది. ఇది వయసు కాదండీ, జబ్బు, డిప్రెషన్ అంటారు, మందు ఉంది అంది. ముసలివాళ్ళు దిగులుగా ఉంది అని రారండీ, నడుము అంటారు, గ్యాసు అంటారు, తల తిరుగుతోంది అంటారు, మేమూ వాటికే మాత్రలిచ్చి పంపేస్తాం. చేసే పని పోవడం, తోడు పోవడం, చెవులు వినబడక నలుగురిలో కూర్చోలేకపోవడం, తగ్గని నొప్పులు, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ పైన ఇంట్లోవాళ్ళే "ఆ వయసుకు అంతేలే" అంటారు. దానితో జబ్బు అక్కడే ఉండిపోతుంది.

"ఇట్లాంటివాళ్ళు ఎంతమంది ఉంటారమ్మా?"

"మీరు లెక్కల మనిషి కదండీ. మీ ఊరు మీరే లెక్కపెట్టి చూడండి."

పెట్టాను. పాత సభ్యుల్లో అరవై దాటినవాళ్ళు ముప్పై నలుగురు. ఆవిడ అడిగిన ప్రశ్నలే ఇంటింటికీ వెళ్ళి అడిగాను. పదిమంది దగ్గర అవే జవాబులు వచ్చాయి. ఇది నా నోటుబుక్కు లెక్క, శాస్త్రం కాదు, దీన్ని ఎక్కడా చూపకండి. ఆ పదిమందిలో భూమి అమ్మి లక్షలు చూసినవాళ్ళున్నారు, గజం కూడా లేనివాళ్ళున్నారు. ఎనిమిది మంది ఇళ్ళల్లో, "ముసలితనం గదా" అన్నారు. కానీ తక్కిన ఇరవై నలుగురూ అంతే ముసలివాళ్ళు. వాళ్ళు తింటున్నారు, పడుకుంటున్నారు, కోడళ్ళను తిడుతున్నారు. ముసలితనమే కారణమైతే వాళ్ళను ఎందుకు వదిలింది? ఈ చిన్న తీసివేత ఊళ్ళో ఎవరూ చేయలేదు. పదిమందిలో దవాఖానకు నా వెంట వచ్చినవాళ్ళు ముగ్గురు.

యాభై మూడో నంబరాయనకు డాక్టరమ్మ రోజుకొక మాత్ర రాసింది. పని చేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, బాగైనట్టు కనబడినా నెలల తరబడి ఆపకూడదు అంది. "మొదటి నలభై రోజులూ ఎవరైనా ఎదురుగా కూర్చుని వేయించాలండీ. వేయించి, ఓ పావుగంట మాట్లాడాలి. మాత్ర ఎంత ముఖ్యమో ఆ పావుగంటా అంతే." నేను వేయిస్తానన్నాను. ఆయన ఎదురుగానే అన్నాను, నలభై పొద్దులు వస్తానని. ఆయన వేళ్ళు మడిచి, "నలభయ్యా?" అని అడిగాడు. "నలభై" అన్నాను.

పాలు చదవడం అయ్యాక ఏడున్నరకు వెళ్ళేవాణ్ణి. మొదటి వారం ఆయన మాత్ర మింగి గోడకు తిరిగేవాడు. నేను రిజిస్టరు తెరిచి ఆనాటి ఫ్యాట్లు చదివేవాణ్ణి, నాకు వేరే మాటలు రావు కనుక. ఎనిమిదో రోజు ఇరవై తొమ్మిదో నంబరు అయిదు పాయింట్ ఆరు అని చదివితే, గోడ వైపు నుంచే, "వానికి బర్రె గాదు, బోరింగు" అన్నాడు. భార్య వంటింట్లోంచి తొంగి చూసింది.

నేను రోజూ రాసుకునేవాణ్ణి. తిన్న ముద్దలు: అయిదు, అయిదు, ఏడు, ఆరు, తొమ్మిది. అన్న మాటలు: రెండు, సున్న, నాలుగు, పదకొండు. పదహారో రోజు గడ్డం గీయించుకున్నాడు. పద్దెనిమిదో రోజు నాకంటే ముందే బయటి అరుగు మీద ఉన్నాడు. పంతొమ్మిదో రోజు నేను వెళ్ళబోతుంటే, "రేపు జర ఎనిమిదింటికి రా, తానం చేసి ఉంట" అన్నాడు.

ఆ సాయంత్రం నా నోటుబుక్కులో గీత గీసి చూశాను. గీత పైకే పోతోంది. అదే వాలుతో ముందుకు పొడిగిస్తే నలభయ్యో రోజుకు మామూలు మనిషి అవుతాడు. నేను ఉన్నా, లేకున్నా. అదే రోజు డెయిరీ వాళ్ళు కబురు పెట్టారు, మా కేంద్రం మూసి పక్క ఊరి కేంద్రంలో కలుపుతున్నారని, పాత రిజిస్టర్లన్నీ తేల్చడానికి పెద్ద ఆఫీసుకు రమ్మని. పొద్దున ఏడుకల్లా అక్కడ ఉండాలి. మాత్రలు కొడుకు చేతికి ఇచ్చాను. "రోజూ ఒకటి, ఆపొద్దు" అన్నాను. "నువ్వు ఫికర్ జెయ్యకన్నా" అన్నాడు. ముసలాయనకు నేను ఏమీ చెప్పలేదు. గీత పైకి పోతున్నప్పుడు చెప్పవలసింది ఏముంది?

పాల గొట్టంలో తేలిన వెన్న మళ్ళీ కిందికి దిగదు. నేను నేర్చుకున్న లెక్కలన్నీ ఆ గొట్టంలోంచి వచ్చినవి. మనిషి గొట్టం కాదు.

రిజిస్టర్లు తేలడానికి వారం అనుకున్నది మూడు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి కొడుకు బస్టాపులో కనబడ్డాడు. "నాయిన బాగుండె. మందులకు అలవాటు వడ్తడని ఎవరో అంటే బంద్ జేసినం. మల్ల జర మెత్తగైండు, మాట తగ్గింది" అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టండి, డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపొండి అన్నాను, నా బస్సు వచ్చింది, ఎక్కాను. ఇది మూడో తప్పు. లెక్క కోసమే ఇలా నంబరు వేస్తున్నాను. బరువులో ఇదే అన్నిటికన్నా పెద్దది.

చలికాలంలో కబురు వచ్చింది. అన్నం మానేశాడు, తరువాత నీళ్ళు కూడా. దవాఖానలో సూదులతో సెలైన్ ఎక్కించారు, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, నాలుగు రోజులున్నాడు.

నా చేతిరాత బాగుంటుందని, చావు నమోదు కాగితం నింపడానికి కొడుకు నన్నే పిలిచాడు. పేరు, వయసు, ఊరు రాశాను. తరువాతి గడి, చావుకు కారణం. కలం పట్టుకుని ఆగాను. డాక్టరమ్మ చెప్పిన మాట రాయవచ్చు. రాస్తే ఆఫీసులో అదేమిటని అడుగుతారు, పిచ్చి అంటారేమో అని కొడుకు భయపడ్డాడు. "ముసలితనం అని రాయన్నా, పరేషానుండదు."

రాశాను. వృద్ధాప్యం. ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారని డాక్టరమ్మను అడిగినవాణ్ణి నేనే. ఆ లెక్క ఎప్పటికీ ఎందుకు తేలదో ఆ గడి నింపాక తెలిసింది. మీ ఇళ్ళల్లో ఎవరైనా "ఏం లేదు, నడుము నొప్పి" అంటూ తెల్లవారకముందే లేచి కూర్చుంటుంటే, నిద్ర గురించి ఒక మాట అడగండి. అడిగితే ప్రాణం పోదు. అడగకపోతే పోయింది, నేను చూశాను.

కాగితం మడుస్తుంటే ఆయన భార్య వచ్చి నా పక్కన గడప మీద కూర్చుంది. ఏడవడం లేదు.

"నువ్వు రావడం బంద్ జేసినంక సుత రోజు తానం చేసి అరుగు మీద కూసునెటోడు బిడ్డా. వస్తడు, ఏదో పని వడ్డది అనెటోడు. ఇయ్యాల ఇరవై, ఇయ్యాల ఇరవై ఒకటి అని ఏళ్ళ మీద లెక్కవెట్టెటోడు."

"ఎన్నిదాకా లెక్కపెట్టాడమ్మా?"

"నలభై దాంక. నలభై నాడు పొద్దెక్కేదాంక కూసున్నడు. ఇగ లేసి లోపటికొచ్చి పండుకున్నడు. మల్ల అరుగు మీదికి పోలే."

నలభైలో పంతొమ్మిది ఇచ్చాను. ఇరవై ఒక్క పొద్దులు ఈనాటికీ బాకీ.